తిక్కన కొలిచిన దేవుడు

చంద్రగిరి కొండలలో పుట్టి, కాళహస్తీశ్వరుని కోవెల ప్రక్కగా సాగి, నాయుడుపేట మీదుగా కడలిని చేరు స్వర్ణముఖి తీరమున నేడు ఒకే యింటివారు కాళహస్తికిని, తిరుమలకును మ్రొక్కుబడులు చెల్లింతురు. అందు వింత యున్నదని ఎవరికిని తోపదు. ఇచ్చటికి ఉత్తరముగా, పెన్న యొడ్డున నెల్లూరిలో, పదుమూడవ శతాబ్దమున మంత్రిత్వము నెరపిన తిక్కన కాలమున అది అంత తేలికయైన సంగతి కాదు.

అది వీరశైవము పొంగి పొరలిన కాలము. మల్లికార్జున పండితారాధ్యుడు అంతకు ముందే శివతత్త్వసారమును రచించి యుండెను. పాల్కురికి సోమనాథుడు బసవని కథను జనుల నాలుకలపై నిలిపెను. అన్యదైవమును కొలుచువానిని భవి యని దూరముగ నుంచుటయే వారికి భక్తి గురుతు. వైష్ణవులును పట్టుదలలో తీసిపోయినవారు కారు.

తిక్కన మంత్రి భాస్కరుని మనుమడు, కొమ్మనకును అన్నమకును కుమారుడు. కత్తిపట్టి కీర్తి గన్న ఖడ్గతిక్కనకు జ్ఞాతిసోదరుడు. మనుమసిద్ధి ఆయనను మామ యని పిలిచెడివాడు. ఆ చనువుతోనే నిర్వచనోత్తర రామాయణమును అంకితమందెను. కాని భారతమును చేపట్టునాటికి తిక్కన మనసు నరాంకితమును దాటిపోయెను. కలలో తండ్రి కనిపించి హరిహరనాథుని దయను తెలిపెననియు, పిమ్మట ఆ దేవుడే దర్శనమిచ్చెననియు విరాటపర్వారంభమున చెప్పుకొనెను. అచ్చట ఆయన దేవుని అడిగిన ప్రశ్న సొగసైనది. ఎముకల పేరు ప్రియమో కౌస్తుభము ప్రియమో, కాలకూటము రుచియో యశోద చనుబాలు రుచియో తెలుపుమనెను. అడుగుటయే కాని, ఏ పక్షమునకును తాను తీర్పు చెప్పలేదు.

ఇది ఇరువురను మెప్పించు మంత్రి నేర్పని తేల్చివేయువారు కలరు. పదునైదు పర్వముల పొడవునను వట్టి నేర్పు నిలుచునా? కృష్ణుని మహిమను నిండుగా పలికిన గంటముతోనే, సౌప్తికపర్వమున అశ్వత్థామ శివుని స్తుతించి మెప్పించిన ఘట్టమును వ్రాసెను. ఒకరిని పొగడుటకై వేరొకరిని తగ్గించు పని పెట్టుకొనలేదు.

అయితే ఈ కథకు వేరొక ముఖము కలదు. జ్ఞాతుల వలన మనుమసిద్ధి రాజ్యము కోల్పోగా, తిక్కన ఓరుగల్లుకు పోయి కాకతి గణపతిదేవుని సాయము కోరెను. సాయము దొరకెను, రాజ్యము మరల దక్కెను. ఆ సభలోనే ఆయన జైనులను, బౌద్ధులను వాదమున ఓడించెననియు, పిమ్మట రాజు వారిని హింసించెననియు సిద్ధేశ్వర చరిత్ర చెప్పును. అది శతాబ్దాల తరువాత కాసె సర్వప్ప వ్రాసిన గ్రంథము. ప్రతి మాటను నమ్మ బని లేదు. అట్లని మన కవి కీర్తికై దానిని దాచుటయు న్యాయము కాదు. హరిని హరుని ఒక్క పీఠముపై నిలిపినవాని యెదుట జినునికి చోటు దొరకలేదేమో యను శంక ఆ కథ చదివిన ప్రతిసారియు కలుగును.

తిక్కన యజ్ఞము చేసి సోమయాజి యయ్యెను. ఆయన దేవునికే పదునాలుగవ శతాబ్దమున నాచన సోమన ఉత్తర హరివంశమును అంకితమిచ్చెను. ఈ సోమనను ఆదరించినవాడు విజయనగరపు బుక్కరాయలు. శ్రీవైష్ణవులు తమకు అన్యాయము చేయుచున్నారని జైనులు మొరపెట్టగా, ఆ రాయలు 1368లో జైనుల చేతిని పట్టి వైష్ణవుల చేతిలో నుంచి, ఉభయులకును భేదము లేదని తీర్పు చెప్పెను. జైనులను కాచు భారమును వైష్ణవులకే అప్పగించెను. శ్రవణబెళగొళలో ఆ శాసనము నేటికిని ఉన్నది.