దామెర్ల రామారావు

తెలుగునాట ఆధునిక చిత్రకళకు త్రోవ చూపినవారిలో దామెర్ల రామారావు అగ్రగణ్యుడు. ఇతడు 1897వ సంవత్సరము మార్చి 8వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించెను. చిన్ననాటనే ఇతనికి బొమ్మలు వ్రాయుటయందు మిక్కిలి ఆసక్తి కలిగెను.

ఆ కాలమున ఆ పట్టణములోని ప్రభుత్వ కళాశాలకు ఆస్వాల్డ్ కూల్డ్రే అను ఆంగ్లేయుడు అధ్యక్షుడుగ నుండెను. ఆయన స్వయముగ చిత్రకారుడు. అడివి బాపిరాజు, కవికొండల వెంకటరావు మున్నగువారికి గురువైన ఆ సహృదయుడు రామారావు ప్రతిభను గుర్తించి ప్రోత్సహించెను. 1916లో రామారావు బొంబాయిలోని జె.జె. చిత్రకళాశాలలో చేరి, 1920 వరకు శ్రద్ధతో అభ్యసించెను.

అప్పటికి రవివర్మ చిత్రముల అచ్చుపటములు దేశమంతట వ్యాపించియుండెను. 1894లో ఆయన స్థాపించిన ముద్రణాలయమునుండి వెలువడిన ఆ పటములందు పట్టుచీరలు, నగలు దాల్చిన స్త్రీలు సజీవులై ఎదుట నిలిచినట్లు తోతురు. రామారావు ఆ మార్గమును అనుకరింపలేదు. వంగదేశపు చిత్రకారుల పద్ధతియందును లీనము కాలేదు. అతడు తెలుగువారి రూపమును, వేషమును, అలంకారమును తన కన్నులతో చూచి, తనదైన శైలిలో చిత్రించెను.

నీటిరంగులతో వ్రాయుట సులభము కాదు. కాగితముపై ఒకసారి పడిన రంగును తుడిచివేయుట కష్టము. చేయి తొట్రుపడినచో చిత్రము చెడును. అట్టి రంగులపై అతనికి చక్కని అధికారముండెను. అతని స్త్రీమూర్తులలో నగల మెరుపుకంటె శరీరభంగిమయందలి సౌకుమార్యము, రేఖలలోని లాలిత్యము ముందుగ మనసును ఆకర్షించును. పుష్పాలంకరణము, సిద్ధార్థ రాగోదయము అను చిత్రములు ఇందుకు తార్కాణములు. స్త్రీనెరుగని మునికుమారుని సుందరీమణులు మరులుగొల్పిన ఋష్యశృంగుని కథనుగూడ అతడు మనోహరముగ చిత్రించెను. 1924లో ఇంగ్లండులోని వెంబ్లీ ప్రదర్శనమునకు అతని చిత్రములు వెళ్లెను.

పెద్దనగరమున నిలిచినచో ధనము, కీర్తి ఇంకను లభించియుండవచ్చును. అయినను అతడు స్వస్థలమునకు తిరిగివచ్చి, 1923లో రాజమహేంద్రవరమున చిత్రకళాశాలను నెలకొల్పెను. తనకు గురువు చూపిన దారిని తన పట్టణపు యువకులకు చూపవలెనని అతని సంకల్పము. భార్య సత్యవాణి, సోదరి బుచ్చికృష్ణమ్మ కూడ చిత్రకళను అభ్యసించిరి.

కాని విధి నిర్దయమైనది. 1925 ఫిబ్రవరి 6వ తేదీన మశూచికము ఆ యువకుని బలిగొనెను. అప్పటికి అతనికి ఇరువదియెనిమిది ఏండ్లైనను నిండలేదు. బడి వెలసి రెండేండ్లే ఆయెను.

అంతటితో ఆ దీపము ఆరిపోవలసినది. అయితే మిత్రుడైన వరదా వెంకటరత్నము ఆ భారమును తన భుజములపై ధరించి, కళాశాలను నడిపెను. గోదావరి గట్టున రామారావు పేర వెలసిన చిత్రశాలలో అతని చిత్రములను భద్రపరచిరి.

బాలలారా! అచ్చుపటము ఎంత చక్కనిదైనను, చిత్రకారుని చేయి సోకిన కాగితమునకు సాటిరాదు. రాజమహేంద్రవరమునకు వెళ్లినపుడు ఆ చిత్రములను కన్నులార చూడుడు. ఆయువు కొద్దిదైనను, దానిని సార్థకము చేసికొనుట మనిషి చేతిలోనే యున్నదని అవి మీకు తెలుపగలవు.