కాషాయం కట్టిన దొర

మా చీమకుర్తిలో చిన్నప్పుడు స్టువర్టుపురం అంటే దొంగల ఊరని భయపెట్టేవారు. ఆ కథలో ఫ్రెడరిక్ బూత్ టక్కర్ ఉన్నారు. 1853లో ముంగేర్‌లో పుట్టారు. ఐసీఎస్ ఉద్యోగం వదిలేసి, 1882లో సాల్వేషన్ ఆర్మీని మన దేశానికి తెచ్చారు. కాషాయం కట్టి ఫకీర్ సింగ్ అయ్యారు. బొంబాయిలో ఊరేగింపు చేసి తనూ జైలుకెళ్ళారు.

తర్వాత ఆయన సంస్థే ‘నేరస్థ తెగ’ అని ముద్రపడిన ఎరుకలవారికి బాపట్ల దగ్గర స్టువర్టుపురం సెటిల్‌మెంట్ నడిపింది. పొలం, బడి, ప్రార్థన దొరికాయి. కానీ రోజూ హాజరు వేయించుకోవాలి, అనుమతి లేకుండా ఊరు దాటకూడదు. నేరం చేయని పసివాడికీ అదే ముద్ర!

టక్కర్ 1929లో కన్నుమూశారు. ఆ చట్టం దేశమంతటా పోయేసరికి 1952 వచ్చింది.

ఆయన త్యాగానికి దండం పెడతాను, ఆ కాపలాకి పెట్టలేను. జైలు నుంచి వచ్చినవాడికి మన గుడి దగ్గర ముద్ర వేయకుండా పని ఇవ్వగలమా? ఆలోచించండి.