వెళ్ళినవారు రాలేదు, మందు వచ్చింది



మన బిడ్డల్లో ఎందరో ఇప్పుడు పై చదువులకు సముద్రాలు దాటుతున్నారు. అలా వెళ్ళిన మేధావి వలన విజ్ఞానానికి ఒరిగేదేమిటి? కన్నవారికి, కన్న ఊరికి మిగిలేదేమిటి? ఈ ప్రశ్న మనలో చాలామంది ఇళ్ళలో ఉన్నదే. 1895 జనవరి 12న భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి జీవితాన్ని ఆ ప్రశ్నతోనే ఒకసారి పరిశీలించండి.

వారిది లేమి ఎరిగిన కుటుంబం. మెట్రిక్ మూడవ ప్రయత్నంలో గాని గట్టెక్కలేదు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించి ఆంగ్లేయ ఆచార్యుని ఆగ్రహానికి గురికాగా, ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టా మాత్రమే దక్కింది. ఇద్దరు సోదరులు కొద్దిరోజుల తేడాతో సంగ్రహణి వ్యాధికి బలైపోయారు. అదే జబ్బు తనకూ సోకగా, ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సతో బయటపడ్డారు.

1922లో మామగారి సహాయంతోనూ, దాతల సొమ్ముతోనూ ఆయన బోస్టన్ చేరారు. అక్కడి హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటూ, పొట్టగడవడానికి ఆసుపత్రిలో రాత్రిపూట కూలిపని చేశారు. ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి 1925లో రక్తంలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రకటించారు. కండరాల శక్తికి ఆధారమైన ఫాస్ఫోక్రియాటిన్, ఎ.టి.పి. అనే పదార్థాలను కనుగొన్నవారిలో ఆయన ఒకరు. అయినా హార్వర్డ్ ఆయనకు శాశ్వత ఆచార్య పదవి ఇవ్వలేదు.

పరదేశం వెళ్ళినంత మాత్రాన ప్రతిభ వికసించదని ఇక్కడ గమనించండి. 1940లో ఆయన మరొకసారి చోటు మారారు. న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ ప్రయోగశాలలకు వెళ్ళారు. అక్కడ పరికరాలున్నాయి, సహాయకులున్నారు, పరిశోధన నడిపించే అధికారమూ దక్కింది. అడగవలసిన ప్రశ్నలు మాత్రం ఆయన మన గడ్డ నుండి మోసుకుపోయినవే.

ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. సోదరులను కబళించిన సంగ్రహణి చికిత్సలో అది ముఖ్యమైన మందయింది. నేడు మన ఆసుపత్రుల్లో గర్భిణులకు ఇచ్చే మాత్రలో ఉన్నదీ అదే. గోదావరి జిల్లాలను పీడించిన బోదకాలు వ్యాధికి 1947లో హెట్రజాన్ వచ్చింది. ప్రభుత్వ సిబ్బంది ఇంటింటికీ తెచ్చి మింగించే డి.ఇ.సి. మాత్ర అదే. ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్‌తో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే వైద్యుడు రక్త క్యాన్సర్ సోకిన పసివారికి కొంతకాలమైనా ఊరట కలిగించగలిగారు. తరువాతి క్యాన్సర్ మందులకు అది దారి చూపింది. 1948లో వెలువడిన ఆరియోమైసిన్ కూడా ఆయన నాయకత్వంలో జరిగిన కృషి ఫలమే.

మరి ఇందుకు మూల్యం ఎవరు చెల్లించారు? భార్య శేషగిరిగారు ఇక్కడే ఉండిపోయారు. భర్త సముద్రాల అవతల ఉండగానే ఒక్కగానొక్క కుమారుడు పసితనంలో కన్నుమూశాడు. దాదాపు 26 సంవత్సరాలు ఆమె ఎదురుచూశారు. 1948 ఆగస్టులో, 53 ఏళ్ళ వయసులో, సుబ్బారావుగారు గుండెపోటుతో అక్కడే మరణించారు. చివరివరకూ అమెరికా పౌరులు కాలేదు, స్వదేశానికి తిరిగి రానూ లేదు.

ఆయన ఇక్కడే ఉండివుంటే ఆనాటి మన దేశంలో అలాంటి ప్రయోగశాల దొరికేది కాదు. కనుక వెళ్ళడం తప్పని ఎవరనగలరు? అయితే ఆ మాత్రలలో శేషగిరిగారి కన్నీరు కూడా కలిసివున్నదని మరువకండి. రేపు మీ బిడ్డను విమానం ఎక్కిస్తున్నప్పుడు, మన ఊరి బాధల్లో ఒక్కటైనా ప్రశ్నగా వెంట తీసుకుపొమ్మని చెప్పండి. ఇంటికి ఉత్తరం రాయడం మానవద్దని కూడా చెప్పండి.