హార్వే మిల్క్

హార్వే బెర్నార్డ్ మిల్క్ (మే 22, 1930 - నవంబర్ 27, 1978) అమెరికా సంయుక్త రాష్ట్రాలకు చెందిన రాజకీయ నాయకుడు. తాను స్వలింగ సంపర్కుడినని బహిరంగంగా ప్రకటించుకొని కాలిఫోర్నియా రాష్ట్రంలో ఎన్నికల ద్వారా పదవి పొందిన మొదటి పురుషుడు. శాన్ ఫ్రాన్సిస్కో నగర పాలక మండలి అయిన బోర్డ్ ఆఫ్ సూపర్‌వైజర్స్‌లో సుమారు 11 నెలలు సభ్యుడిగా ఉండి, పదవిలో ఉండగానే హత్యకు గురయ్యాడు. అమెరికా మొత్తానికి ఇటువంటి తొలి ప్రజాప్రతినిధి ఇతడేనన్న అభిప్రాయం సరైనది కాదు. 1974లోనే ఆన్ ఆర్బర్ నగర కౌన్సిలుకు కాథీ కొజచెంకో, మసాచుసెట్స్ శాసనసభకు ఎలేన్ నోబుల్ ఎన్నికయ్యారు.

బాల్యం, ఉద్యోగ జీవితం

మిల్క్ న్యూయార్క్ రాష్ట్రంలోని లాంగ్ ఐలాండ్‌లో, వుడ్‌మియర్ అనే ఊరిలో, లిథువేనియా మూలాలు గల యూదు కుటుంబంలో జన్మించాడు. కౌమారంలోనే తన స్వభావాన్ని గుర్తించినా దానిని రహస్యంగా ఉంచాడు. 1951లో ఆల్బనీలోని ఉపాధ్యాయ శిక్షణ కళాశాల నుండి గణితం ప్రధానాంశంగా పట్టభద్రుడై, కొరియా యుద్ధకాలంలో నౌకాదళంలో చేరాడు. జలాంతర్గాములను రక్షించే కిట్టివేక్ అనే నౌకలో డైవింగ్ అధికారిగా పనిచేశాడు. స్వలింగ సంపర్కం ఆరోపణపై సైనిక విచారణ ఎదుర్కోవలసిన పరిస్థితి రావడంతో 1955లో రాజీనామా చేయవలసి వచ్చింది.

ఆ తరువాత ఉపాధ్యాయుడిగా, న్యూయార్క్ వాల్ స్ట్రీట్‌లో షేర్ల వ్యాపార సంస్థ ఉద్యోగిగా పనిచేశాడు. 1964 అధ్యక్ష ఎన్నికలలో రిపబ్లికన్ అభ్యర్థి బారీ గోల్డ్‌వాటర్ తరపున ప్రచారం చేశాడు. 1972లో శాన్ ఫ్రాన్సిస్కోకు మారి, మరుసటి సంవత్సరం కాస్ట్రో వీధిలో కెమెరాల దుకాణం తెరిచాడు. అప్పటికే ఆ ప్రాంతంలో స్వలింగ సంపర్కులు పెద్ద సంఖ్యలో స్థిరపడుతున్నారు. ఈ దుకాణమే తరువాత ఇతని ఎన్నికల కార్యాలయమయింది.

రాజకీయ జీవితం

1973లో నగర మండలికి మొదటిసారి పోటీ చేసి 32 మంది అభ్యర్థులలో పదవ స్థానం పొందాడు. 1975లో ఆరు స్థానాలకు జరిగిన ఎన్నికలో ఏడవ స్థానంలో నిలిచి ఓడిపోయాడు. 1976లో రాష్ట్ర శాసనసభకు పోటీ చేసి నాలుగు వేల కంటే తక్కువ ఓట్ల తేడాతో పరాజయం పొందాడు. అప్పట్లో మండలి సభ్యులను నగరమంతా కలిసి ఎన్నుకునేది. అందువల్ల ఒక ప్రాంతంలో మాత్రమే బలం ఉన్న అభ్యర్థికి గెలుపు కష్టమయ్యేది. 1977లో నియోజకవర్గాల పద్ధతి అమలులోకి రావడంతో మిల్క్ 5వ నియోజకవర్గం నుండి గెలిచి, 1978 జనవరిలో పదవి చేపట్టాడు.

గృహవసతి, ఉద్యోగాల విషయంలో స్వలింగ సంపర్కులపై వివక్షను నిషేధించే నగర శాసనాన్ని ప్రతిపాదించాడు. మండలిలో దానికి వ్యతిరేకంగా ఓటు వేసినది డాన్ వైట్ ఒక్కడే. మేయర్ జార్జ్ మోస్కోనీ దానిపై సంతకం చేశాడు. పెంపుడు కుక్కల మలాన్ని వాటి యజమానులే తొలగించాలన్న శాసనం కూడా మిల్క్ తెచ్చినదే.

అదే సంవత్సరం రాష్ట్ర సెనేటర్ జాన్ బ్రిగ్స్ ఆరవ ప్రతిపాదనను ప్రజాభిప్రాయ సేకరణకు తెచ్చాడు. అది నెగ్గితే ప్రభుత్వ పాఠశాలలలో స్వలింగ సంపర్కులే కాక, వారిని బహిరంగంగా సమర్థించేవారు కూడా ఉద్యోగాలు కోల్పోయే అవకాశం ఉండేది. మిల్క్ రాష్ట్రమంతటా బ్రిగ్స్‌తో చర్చలలో పాల్గొన్నాడు. స్వలింగ సంపర్కులు తమ తల్లిదండ్రులకు, ఇరుగుపొరుగువారికి, తోటి ఉద్యోగులకు తమ గురించి తెలియజేయాలని కోరాడు. తమకు తెలిసిన మనిషికి వ్యతిరేకంగా ఓటు వేయడం ఎవరికైనా కష్టమని ఇతని వాదన. మాజీ గవర్నర్ రోనాల్డ్ రీగన్ కూడా వ్యతిరేకించిన ఈ ప్రతిపాదన నవంబర్ 7న పది లక్షలకు పైగా ఓట్ల తేడాతో వీగిపోయింది.

హత్య

డాన్ వైట్ జీతం చాలడం లేదని నవంబర్ 10న రాజీనామా చేసి, కొద్ది రోజులకే పదవి తిరిగి ఇవ్వమని కోరాడు. ఇవ్వవద్దని మేయరుకు చెప్పినవారిలో మిల్క్ ఒకడు. నవంబర్ 27న వైట్ కిటికీ గుండా నగర సభాభవనంలోకి ప్రవేశించి మోస్కోనీని, తరువాత మిల్క్‌ను కాల్చి చంపాడు. ఆ రాత్రి వేలాదిమంది కొవ్వొత్తులతో ఊరేగింపు జరిపారు. ఇటువంటి ముగింపును మిల్క్ ముందే ఊహించాడు. ఎన్నికైన పది రోజులకే, తాను హత్యకు గురైతే వినిపించడానికి ఒక సందేశాన్ని టేపులో రికార్డు చేసి ఉంచాడు.

1979 మే 21న న్యాయస్థానం వైట్‌ను హత్యా నేరానికి కాక, తక్కువ శిక్ష గల నరహత్య నేరానికి మాత్రమే దోషిగా నిర్ణయించింది. శిక్ష ఏడు సంవత్సరాల ఎనిమిది నెలలు. తీర్పు వెలువడిన రాత్రి నగరంలో అల్లర్లు చెలరేగాయి. 1984లో విడుదలైన వైట్ మరుసటి సంవత్సరం ఆత్మహత్య చేసుకున్నాడు.

గుర్తింపు

మిల్క్ జీవితంపై తీసిన డాక్యుమెంటరీ చిత్రం 1985లో ఆస్కార్ పొందింది. 2008లో వచ్చిన మిల్క్ చిత్రంలో ఇతని పాత్ర ధరించిన షాన్ పెన్ ఉత్తమ నటుడిగా ఆస్కార్ అందుకున్నాడు. 2009లో అధ్యక్షుడు బరాక్ ఒబామా ఇతనికి మరణానంతరం ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడమ్ ప్రకటించాడు. అదే సంవత్సరం కాలిఫోర్నియా ఇతని జన్మదినాన్ని ప్రత్యేక దినంగా గుర్తించింది.

మిల్క్ కాలంలో నగర మండలి స్థానమే దుర్లభమైన స్వలింగ సంపర్కులు తరువాతి కాలంలో ఉన్నత పదవులకు చేరారు. 2009లో యోహానా సిగుర్దార్‌దోత్తిర్ ఐస్‌లాండ్ ప్రధానమంత్రి అయింది. 2012లో టామీ బాల్డ్విన్ అమెరికా సెనేట్‌కు ఎన్నికయింది. మిల్క్‌ను ఒకప్పుడు సాగనంపిన నౌకాదళం 2021లో ఒక ఇంధన నౌకను ఇతని పేరుతో జలప్రవేశం చేయించింది. 2025లో అమెరికా రక్షణశాఖ ఆ పేరును తొలగించి నౌకకు ఆస్కార్ పీటర్సన్ పేరు పెట్టింది.