డీజిలు అనే మనిషి

మా చేను అనంతపురం జిల్లాలో వున్నది. బావి పక్కన రేకుల షెడ్డులో మా తాత కొన్న ఆయిలింజను యిప్పటికీ వుంది. మోటారు బిగించాక దానికి పని తగ్గింది గాని, కరెంటు లేని రోజున హ్యాండిలు వేసి తిప్పేది నేనే. ఇంటరు దాకా డీజిలంటే ఆ నూనె పేరనే అనుకున్నాను. అది ఒక మనిషి యింటిపేరని బి.ఎస్సీ.లో చేరాకే తెలిసి కొంచెం సిగ్గుపడ్డాను. మిత్రుల్లో యింకా సిగ్గుపడవలసినవాళ్ళు కొందరున్నారని నా అనుమానం.

రుడాల్ఫ్ డీజిల్ 1858 మార్చి 18న పారిస్‌లో పుట్టారు. తల్లిదండ్రులు బవేరియా నుంచి వచ్చిన జర్మన్లు. తండ్రిది తోలుసామాన్ల పని. 1870లో ఫ్రాన్సుకూ ప్రష్యాకూ యుద్ధం రాగా జర్మన్లు దేశం వదలవలసి వచ్చింది. కుటుంబం లండన్ చేరింది. పన్నెండేళ్ళ పిల్లవాణ్ణి మాత్రం ఆగ్స్‌బర్గులో లెక్కలు చెప్పే బంధువు యింటికి పంపారు. అక్కణ్ణుంచి మ్యూనిక్ పాలిటెక్నిక్. టైఫాయిడ్ వచ్చి పరీక్ష తప్పిపోయినా, 1880 జనవరిలో రాసి మొదటి వరసలో నిలిచారు.

అక్కడ ఆయన గురువు కార్ల్ లిండె. శీతలయంత్రాల లిండె ఆయనే. ఆవిరియంత్రంలో పది గంపల బొగ్గు వేస్తే తొమ్మిది గంపల వేడి దండగపోతుందని క్లాసులో విన్న మాట డీజిల్‌ను నిద్రపోనివ్వలేదు. మనమూ కార్నో చక్రం చదువుతాం, పరీక్షలో రాస్తాం, మరచిపోతాం. ఆయన పదిహేనేళ్ళు దాన్ని పట్టుకు వేళ్ళాడారు. అమోనియా ఆవిరితో చేసిన ఒక ప్రయోగం పేలి ప్రాణం మీదికి వచ్చింది కూడా.

చివరికి పట్టుకున్న కిటుకు సైకిలు పంపు కొట్టినవాళ్ళందరికీ తెలిసిందే. గాలిని బాగా నొక్కితే వేడెక్కుతుంది. యింకా యింకా నొక్కితే, అందులోకి చిమ్మిన నూనె నిప్పురవ్వ లేకుండానే అంటుకుంటుంది. 1893లో పేటెంటు వచ్చింది. అదే యేడు ఆగస్టులో ఆగ్స్‌బర్గు ఫ్యాక్టరీలో మొదటి యంత్రం పైనున్న పీడనమాపకం పేలి ముక్కలైంది. 1894 ఫిబ్రవరిలో ఒక్క నిమిషం నడిచింది. 1897 ఫిబ్రవరిలో ప్రొఫెసర్ ష్రోటర్ వచ్చి కొలిస్తే దక్షత 26.2 శాతం! ఆనాటికి అంత పొదుపైన వుష్ణయంత్రం మరొకటి లేదు.

చిన్న చిన్న చేతిపనివాళ్ళు పెద్ద ఫ్యాక్టరీలతో పోటీపడి బతకాలని ఆయన ఆశ. కాని ఆ ఇంజను టన్నుల బరువు. అది ఫ్యాక్టరీలకూ, ఓడలకూ పోయింది. 1900 పారిస్ ప్రదర్శనలో ఒక చిన్న డీజిల్ ఇంజను వేరుశనగ నూనెతో నడిచిందని చదివినప్పుడు నాకు ఒళ్ళు పులకరించింది. మా చేలో పండేదీ అదే గదా!

డబ్బు బాగానే వచ్చింది. వచ్చినట్టే పోయింది. పేటెంటు తగాదాలు, భూముల బేరాలు, మ్యూనిక్‌లో పెద్ద మేడ, అప్పులు. 1913 సెప్టెంబరు 29 రాత్రి ఆంట్‌వెర్ప్ నుంచి ఇంగ్లండుకు పోయే డ్రెస్డెన్ అనే ఓడలో భోజనం చేసి గదికి వెళ్ళారు. తెల్లారి ఆయన లేరు. పది రోజుల తర్వాత డచ్చి నావికులు సముద్రంలో ఒక శవం చూసి, జేబులోని వస్తువులు తీసుకుని, దేహాన్ని అలలకే వదిలేశారు. ఆ వస్తువులు తండ్రివేనని కొడుకు గుర్తుపట్టాడు. వేడిలో దండుగను అంతగా తగ్గించినవాడికి యింటిలెక్క ఎందుకు కుదరలేదో నాకు అంతుపట్టలేదు.

ఆయన ఇంజను కారెక్కింది పోయిన తర్వాతే. 1936లో మెర్సిడిస్ 260 డి వచ్చింది; ఎక్కువగా టాక్సీలవాళ్ళే కొన్నారు. ధనవంతుల కారులో దాన్ని కూర్చోబెట్టింది మాత్రం ఒక చట్టం. 1973 చమురు కరువు తర్వాత, 1975లో అమెరికా ఒక నియమం తెచ్చింది. ఒక కంపెనీ అమ్మే కార్ల సగటు, గాలనుకు 1978లో 18 మైళ్ళు, 1985కు 27.5 మైళ్ళు వుండాలి. లేకుంటే జరిమానా. ఆ సగటు హరాత్మక మధ్యమం. అంటే లీటరుకు 5 కిలోమీటర్లిచ్చే కారొకటి, 15 యిచ్చేది ఒకటి అమ్మితే సగటు 10 కాదు, 7.5 మాత్రమే. తాగుబోతు కారు లెక్కనంతా కిందికి లాగేస్తుందన్నమాట.

పెద్ద కార్లే అమ్ముకునే మెర్సిడిస్ యేం చెయ్యాలి? 6.9 లీటర్ల పెట్రోలు ఇంజను పెట్టిన ఆ పెద్ద కారు శరీరంలోనే, 3 లీటర్ల అయిదు సిలిండర్ల డీజిలును టర్బోతో బిగించి 1978లో 300 ఎస్‌డి అని అమెరికాలో అమ్మింది. కేవలం 110 అశ్వశక్తి. 1980ల మొదట్లో అక్కడ అమ్మిన మెర్సిడిస్‌లలో ఎక్కువభాగం డీజిళ్ళే. చమురు చవకయ్యాక ఆ మోజు తగ్గింది. పొదుపొక్కటే చాలదని కూడా తర్వాత తేలింది: 2015లో ఫోక్స్‌వాగన్ డీజిలు కార్ల పొగపరీక్షలో మోసం బయటపడింది.

మొన్న సెలవుల్లో షెడ్డు దగ్గర కూర్చుని యిదంతా మా నాయనకు చెప్పాను. కారు సంగతి, చట్టం సంగతి వూఁ కొడుతూ విన్నాడు. చివర్న, ఆయనకు అప్పెంత వుండెరా అని మాత్రం అడిగి, డబ్బా తీసుకుని ఇంజనులో నూనె పోయడానికి లేచాడు.