పావులూరి మల్లన

తెలుగు పద్యము పురాణకథలకే గాక గణితమునకును ఒదుగునని నిరూపించిన మహనీయుడు పావులూరి మల్లన. ఇతడు కమ్మనాటిలోని పావులూరివాడు. ఆ గ్రామము నేడును ఇంకొల్లు సమీపమున కలదు. మల్లన 11, 12 శతాబ్దుల కాలమువాడు. రాజరాజనరేంద్రుడు పిఠాపురము దాపుననున్న నవఖండవాడను ఇతని వంశమువారికి దానమిచ్చెను.

ఆ కాలమున గణితగ్రంథములు సంస్కృతమున ఉండెడివి. 9వ శతాబ్దిలో రాష్ట్రకూట చక్రవర్తియగు అమోఘవర్షుని కాలమున మహావీరాచార్యుడు గణితసారసంగ్రహమును రచించెను. నేటి నిజామాబాదు జిల్లాలోని బోధను సీమయు నాడు రాష్ట్రకూటుల సామంతుల ఏలుబడిలోనిదే. పొలము కొలుచువారికిని, ధాన్యము లెక్కించువారికిని నిత్యము గణితముతోనే పని. కాని సంస్కృతము రానివారికి ఆ గ్రంథము అందని పండు. మల్లన దానిని తెలుగు పద్యములలో సారసంగ్రహగణితముగా రచించి ఆ కొరత తీర్చెను.

అందు ఒక పద్యము మిక్కిలి ప్రసిద్ధము. చదరంగపు బల్లపై 64 గడులు కలవు. మొదటి గడిలో ఒక గింజ, రెండవదానిలో రెండు, మూడవదానిలో నాలుగు, ఇట్లు రెట్టింపు చేయుచు పోయినచో మొత్తము 1,84,46,74,40,73,70,95,51,615 గింజలగును. ఈ ఇరువది అంకెలను మల్లన ఒకే పద్యమున ఇమిడ్చెను. చంద్రుడన్న ఒకటి, వేదములన్న నాలుగు, బాణములన్న ఐదు, ఆకాశమన్న సున్న. ఒకట్ల స్థానము మొదలుకొని కుడినుండి ఎడమకు అంకెలు వేసికొనవలెను. వ్రాయసకాడు ఒక పదము విడిచినచో ఛందస్సు చెడి తప్పు బయటపడును. ఈ విధముగా పద్యమే సంఖ్యకు కావలియయ్యెను.

ఈ సంఖ్య గుణములు విచిత్రములు. రెండును వర్గము చేసి, వచ్చిన ఫలమును మరల మరల వర్గము చేయుచు, ఆరుమార్లు ముగించి ఒకటి తీసివేసినచో ఇదియే వచ్చును. దీని అంకెల మొత్తము 87. కావున ఇది మూడుచే భాగింపబడును. చివర ఐదున్నది గనుక ఐదుచేతను భాగింపబడును. విద్యార్థులు స్వయముగా పరీక్షింపవచ్చును.

దీని పరిమాణమో ఊహకందదు. ఒకప్పుడు బోధను చక్కెర కర్మాగారము ముందు చెరకుబండ్లు బారులు తీరెడివి. చూపరులకు ఆ బారులకు అంతము లేనట్లే తోచెడిది. గ్రాముకు 40 బియ్యపుగింజల చొప్పున లెక్కించినచో, మల్లన చెప్పిన గింజలను మోయుటకు 10 టన్నుల లారీలు సుమారు 4,600 కోట్లు కావలెను!

నేటి కంప్యూటరులో సున్న, ఒకటి అను రెండే అంకెలతో 64 స్థానములలో వ్రాయదగిన మిక్కిలి పెద్ద పూర్ణసంఖ్యయు ఇదియే. యంత్రములు లేని కాలమున ఒక్క అంకెయైన తప్పక దానిని తెలుగువారికి అందించిన మల్లన చిరస్మరణీయుడు. శాస్త్రము మాతృభాషలో చెప్పినపుడే అది పదిమంది సొత్తగును.