జార్జి వాషింగ్టను కార్వరు
వేరుశనగ మన సీమలో పుట్టిన పైరు కాదు. దక్షిణ అమెరికా ఖండమున పుట్టి, ఓడలనెక్కి దేశదేశములకు వ్యాపించినది. అయినను అనంతపురము మొదలుకొని పాలమూరు వరకు మెట్టపొలములను నమ్ముకొన్న రైతులకు దాని నూనెయు, చెక్కయు, పశువులకు వేయు తీగయు ఇంటి వస్తువులైపోయినవి. ఆ కాయలోని పదార్థములను వేరుపరచి, ఒక్కొక్కదానికి ఒక్కొక్క ఉపయోగమును వెదకుటలో జీవితమును గడపిన శాస్త్రజ్ఞుడు కార్వరు. ఆయన అమెరికా సంయుక్త రాష్ట్రములలో బానిస తల్లికి జన్మించిన నల్లజాతివాడు.

ఆనాడు బానిసల జనన దినములను వ్రాసియుంచు ఆచారము లేదు. మిస్సోరీ రాష్ట్రమందలి డైమండుగ్రోవు గ్రామసమీపమున 1864 ప్రాంతమున జన్మించెనని చెప్పుదురు. తల్లి పేరు మేరీ. ఆమెను మోజెసు కార్వరు అను రైతు 1855లో ఏడువందల డాలర్లకు కొనెను. పుట్టిన తేదీకి లెక్క లేకపోయినను, కొన్న ధరకు మాత్రము లెక్క యుండెను! బిడ్డ పసికందుగా నున్నప్పుడే దోపిడిగాండ్రు రాత్రివేళ వచ్చి తల్లిని, బిడ్డను ఎత్తుకొనిపోయిరి. మోజెసు ఒక మనిషిని వెంటపంపగా బిడ్డ మాత్రమే దొరకెను. ఆ బిడ్డకు బదులుగా ఒక గుఱ్ఱమును ఇచ్చిరని ప్రసిద్ధి. తల్లి జాడ మరల తెలియలేదు.

బానిసత్వము రద్దయిన పిమ్మట మోజెసు దంపతులు ఆ బాలుని తమ యింటనే పెంచిరి. కోరింతదగ్గుచే చిక్కి శల్యమైనవాడు గనుక పొలము పనికి పంపక, వంట, కుట్టు, బట్టలుదుకుట మొదలగు ఇంటిపనులు నేర్పిరి. మోజెసు భార్య సూసను ఒక పాత అక్షరాభ్యాస పుస్తకముతో చదువు చెప్పెను. చుట్టుప్రక్కలవారు వాడిపోయిన మొక్కలను తెచ్చి ఆ బాలునికి చూపెడివారు. దగ్గరి పాఠశాలలో నల్లపిల్లలకు ప్రవేశము లేనందున, నల్లపిల్లల బడి యున్న నియోషో పట్టణమునకు నడచిపోయి, మరయా వాట్కిన్సు అను మంత్రసాని యింట తలదాచుకొని చదివెను.

అటుపై కాన్సాసు రాష్ట్రమున ఊరూర తిరుగుచు, బట్టలుదికి వచ్చిన కూలితో చదువు సాగించెను. హైలాండు అను ఊరి కళాశాల వారు ఉత్తరము ద్వారా ప్రవేశమిచ్చి, తీరా ఎదుట నిలువగానే చర్మపు రంగు చూచి కాదనిరి. 1890లో అయోవా రాష్ట్రమందలి సింప్సను కళాశాలలో చేరి చిత్రలేఖనము అభ్యసించెను. ఆ విద్యలో ఆయన సామాన్యుడు కాడు. 1893 నాటి షికాగో ప్రపంచ ప్రదర్శనమున ఆయన చిత్రమునకు గౌరవము లభించినది. పూలను మొక్కలను అంత నిజముగా గీయుచున్న శిష్యుని చూచి, చిత్రలేఖనపు ఉపాధ్యాయిని ఎట్టా బడ్డు వృక్షశాస్త్రము చదువుమని ప్రోత్సహించెను. ఆ సలహా ప్రకారము ఏమ్సు నగరపు వ్యవసాయ కళాశాలలో చేరి 1894లో పట్టము, 1896లో పై పట్టము పొందెను.

ఆ యేడే బుకర్ టి. వాషింగ్టను పిలుపుపై అలబామా రాష్ట్రమందలి టస్కెగీ విద్యాసంస్థకు పోయెను. నల్లజాతివారికై 1881లో ఆరంభింపబడిన ఆ సంస్థలో వ్యవసాయ శాఖ యుండెనేగాని, ప్రయోగశాల లేదు. కార్వరు విద్యార్థులను వెంటబెట్టుకొని చెత్తకుప్పలు వెదకి, పగిలిన సీసాలు, పాత గిన్నెలు, తీగముక్కలు ఏరి తెచ్చెను. సిరాబుడ్డి దీపమాయెను, మందపు కప్పు కల్వమాయెను.

అక్కడి రైతుల స్థితి దయనీయము. చాలమంది పరుల భూమిని పాలునకు చేయువారు. విత్తనమునకు, తిండికి వర్తకుని వద్ద అప్పు. ఆ అప్పు తీర్చుటకు ప్రత్తి. ఏటేట ప్రత్తియే వేయుటచే భూమి నిస్సారము. పంట తగ్గి మరల అప్పు. ఎరువు కొనుమని చెప్పిన కొనగల స్తోమత వారికి లేదు. కనుక కార్వరు కొననక్కరలేని ఎరువును చూపెను. అలసంద, వేరుశనగ మొదలగు కాయజాతి పైరుల వేరుబుడిపెలలో నుండు సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని గ్రహించి నేలకు చేర్చును. అడవిలో రాలిన ఆకు, చిత్తడినేలలోని బురద కుళ్లించి చల్లుమనెను. ఈ సంగతులను చిన్న పుస్తకములుగా అచ్చొత్తించి పంచెను. అట్టివి నలుబది నాలుగు వెలువడినవి. చదువురానివారి కొరకు 1906లో ఒక బండిని సిద్ధపరచి, పనిముట్లతోను విత్తనములతోను పల్లెలకు నడపించెను. విద్య ఇంటి గడపకు పోవలెనను ఈ యేర్పాటు గ్రంథాలయోద్యమము నెరిగిన మన గ్రామస్థులకు క్రొత్తగా తోచదు.

ఇంతలో ప్రత్తికాయను తొలుచు ముక్కుపురుగు పడమటనుండి వచ్చి 1910 తరువాత అలబామా పొలములను పాడుచేసెను. జనులు వేరుశనగవైపు మరలిరి. ఎంటర్‌ప్రైజు అను పట్టణమువారు, తమచేత పంట మార్పించినందుకు ఆ పురుగునకే 1919లో స్మారకస్తంభము నెత్తిరి! ఈ మార్పునకు కార్వరు ఒక్కడే కారకుడనుట సరికాదు. కాని పండించిన కాయ నేమి చేయవలెనను ప్రశ్నకు సమాధానము వెదకినవారిలో ఆయన ముఖ్యుడు. 1916లో నూటయైదు విధములుగా వేరుశనగను వండు పద్ధతులను ప్రకటించెను.

ప్రయోగశాలలో ఆయన అనుసరించిన మార్గమిది. మొదట పప్పును నూరి, ఒత్తిడిచే నూనె తీయుట. పిమ్మట మిగిలిన చెక్కనుండి పిండిపదార్థమును, మాంసకృత్తులను, చక్కెరలను, బంకలను వేరుపరచుట. అటుపై వేడిమిని, ఒత్తిడిని మార్చుచు ఆ భాగములను క్రొత్త రీతుల కలుపుట. ఇట్లు పాలు, సబ్బు, సిరా, ముఖలేపనము, కొయ్యకు పూయు రంగులు సిద్ధమైనవి. పారవేయు కాయతొక్కనుండి పలకలను, రంపపుపొట్టునుండి చలువరాతిని బోలు వస్తువును చేసి చూపెను. చిలగడదుంపనుండి పిండి, గంజిపొడి, బంక మొదలగునవి నూటికి పైగా లెక్కకు వచ్చినవి. మొదటి ప్రపంచయుద్ధమున గోధుమ కొరత పడగా, ఆ దుంపపిండిని రొట్టెలో కలుపు విధానమును చూపుటకు 1918లో ప్రభుత్వము ఆయనను రాజధానికి పిలిపించెను.

1921లో విదేశీ వేరుశనగపై సుంకము కోరుచు వర్తకులు ఆయనను చట్టసభ సంఘము నెదుట నిలిపిరి. సభ్యులలో కొందరు జాతిని పట్టి పరిహసించిరి. పది నిమిషములే గడువు. ఆయన పెట్టె తెరచి ఒక్కొక్క వస్తువును చూపుచుండ సభ్యులే గడువు పెంచుచు పోయిరి. ప్రసంగము గడువును మించి చాలసేపు సాగెను. 1922 నాటి చట్టములో ఆ సుంకము చేరినది.

ఆయన పేరిట వ్యాపించిన కథలలో అతిశయోక్తులు లేకపోలేదు. వేరుశనగ వెన్నను కనిపెట్టినది ఆయన కాదు. మూడువందల వస్తువులని చెప్పబడు జాబితాలో వంటకములు పెక్కు. అంగడికెక్కినవి బహు కొద్ది. ఆయన పేర నెలకొల్పిన వ్యాపారసంస్థ నిలువలేదు. పొందిన పేటెంట్లు మూడే. అన్నిటికన్న పెద్దలోపము, తన పాళ్లను, పద్ధతులను పూర్తిగా వ్రాసి యుంచకపోవుట. అందుచే తరువాతివారు ఆ పనిని అందుకొని ముందునకు సాగలేకపోయిరి. పోలియో రోగులకు ఆయన రుద్దిన వేరుశనగ నూనె విషయమును అట్టిదే. మేలు చేసినది మర్దనమేగాని నూనె కాదు.

అయినను ఆయన పట్టిన దారి తప్పు కాదు. పొలపు పంటను పరిశ్రమకు ముడిసరుకు చేయవలెనను ఉద్యమము 1930 తరువాత అమెరికాలో బలపడెను. మోటారుకార్ల హెన్రీ ఫోర్డు అందు ప్రముఖుడు, కార్వరునకు మిత్రుడు. 1998లో అనస్టాసు, వార్నరు అను శాస్త్రజ్ఞులు హరిత రసాయనశాస్త్రమునకు పండ్రెండు సూత్రములు కూర్చిరి. ముడిపదార్థము భూమిలో తరిగిపోవునది గాక, మరల పెరుగునదై యుండవలెననుట వానిలో నొకటి. ఊక, పిప్పి, కాయతొక్కలనుండి ఇంధనములను, ప్లాస్టిక్కులను తీయు నేటి ప్రయత్నములు ఈ తెన్ననే నడచుచున్నవి.

మన దేశముతోను ఆయనకు సంబంధము కలదు. గాంధీమహాత్ముని మిత్రుడైన సి. ఎఫ్. ఆండ్రూసు టస్కెగీని దర్శించిన పిమ్మట, కార్వరు శాకాహార పోషణను గూర్చిన తన రచనలను మహాత్మునికి పంపెను.

కార్వరు వివాహమాడలేదు. సంస్థవారిచ్చిన గదులలో నివసించుచు, పాత కోటునే తొడిగెడివాడు. దాని గుండీకాజాలో మాత్రము ప్రతిదినము ఒక తాజాపువ్వు నుండెడిది. కూడబెట్టిన సుమారు అరువదివేల డాలర్లను పరిశోధనలకై తన పేరిటి నిధికి ఇచ్చివేసెను. 1943 జనవరి 5వ తేదీన పరమపదించెను. టస్కెగీలో బుకర్ వాషింగ్టను సమాధి ప్రక్కనే ఆయనను ఉంచిరి. ఆ సంవత్సరమే జులైలో, ఏ పొలమునుండి ఆయనను తల్లితో కూడ ఎత్తుకొనిపోయిరో, ఆ డైమండుగ్రోవు పొలమును అమెరికా ప్రభుత్వము జాతీయ స్మారకస్థలముగా ప్రకటించెను.